తెడ్డు మిగిలింది

1968 డిసెంబరు. న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో, మానసిక రోగుల మధ్య ఆరు నెలలు గడిపి వచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రవాడు నాష్‌విల్‌లో ఒక స్టూడియో గడప తొక్కాడు. పక్కన తోడు వాయించేవాళ్లెవరూ లేరు. గిటారు తనే మీటాడు, డ్రమ్స్ తనే వాయించాడు, పాటా తనే పాడాడు. కొద్ది రోజుల్లోనే ఆల్బమ్ పూర్తయింది. దాని పేరు ‘ఓర్’, అంటే తెడ్డు. అప్పటికే పడవ మునిగిపోయింది.

అతను అలెగ్జాండర్ స్పెన్స్. అందరికీ స్కిప్. 1946 ఏప్రిల్ 18న కెనడాలోని విండ్సర్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పెరిగాడు. పదేళ్లప్పుడు ఇంట్లోవాళ్లు గిటారు కొనిచ్చారు. కాఫీ హోటళ్లలో జానపద గీతాలు పాడేవాళ్ల నడుమ అతని గొంతు పదునెక్కింది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం వాళ్లు ఈ గిటారిస్టును తీసుకెళ్లి డ్రమ్స్ ముందు కూర్చోబెడితే, అక్కడా నెగ్గుకొచ్చాడు. తర్వాత మోబీ గ్రేప్ బృందంలో చేరాడు. 1967లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో ‘ఒమాహా’ అతని పాటే. అంత సంగీతం ఒంట్లో ఉన్నవాడికి మత్తు కొత్తగా ఇవ్వాల్సిందేముంది?

కాని ఆ బృందాలున్నది శాన్‌ఫ్రాన్సిస్కోలో. 1966 అక్టోబరు దాకా అక్కడ ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు మీద నిషేధమే లేదు. అది మనసు తలుపులు తెరుస్తుందని, పాటకు కొత్త లోకాలు చూపిస్తుందని ఎందరో కళాకారులు నమ్మారు. చాలామంది ఆ లోకాలు చూసి ఇల్లు చేరారు. స్కిప్ చేరలేదు.

1968లో రెండో ఆల్బమ్ కోసం బృందం న్యూయార్క్ వెళ్లినప్పుడు, మత్తులో మతి చెదిరిన స్కిప్ గొడ్డలి పట్టి హోటల్లో తోటివాడి గది తలుపు నరికాడు. ముందు జైలు, ఆ తర్వాత బెల్‌వ్యూ. డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్నారు. ఆ జబ్బు విత్తనం లోపలే ఉండి మత్తు దానికి నీళ్లు పోసిందో ఏమో, కోతకు రావాల్సిన చేను మాత్రం పూతలోనే మాడిపోయింది.

1969లో ‘ఓర్’ విడుదలైంది. కొన్నవాళ్లు చాలా తక్కువ. కొన్నాళ్లకే కొలంబియా రికార్డుల కంపెనీ దాన్ని జాబితాలోంచి తీసేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు హెరాయిన్, తాగుడు, వీధులు, సంరక్షణ గృహాలు. నలుగురు బిడ్డల తండ్రి తల దాచుకోవడానికి ఇల్లు లేక తిరిగాడు. 1999 ఏప్రిల్ 16న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఇంకో రెండు రోజులుంటే యాభై మూడు నిండేవి. ఆ ఏడాదే రాబర్ట్ ప్లాంట్, టామ్ వెయిట్స్, బెక్ వంటివారు ఆ మరుగునపడ్డ పాటల్నే పాడి అతనికి నివాళిగా ఆల్బమ్ తెచ్చారు.

మత్తే ఆ పాటలు రాయించిందని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు గుండె మండుతుంది. మత్తు ఆపలేకపోయిన పాటలవి. అది మింగేసిన పాటలెన్నో లెక్క కట్టేదెవరు?

‘ఓర్’లో చివరి పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. గొంతు ఎక్కడో అడుగున వినీ వినపడకుండా ఉంటుంది. డ్రమ్స్ మాత్రం ఆగవు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా, ఒడ్డు కనపడని నీళ్లలో ఒంటరిగా తెడ్డు వేస్తున్న మనిషే నాకు కళ్లలో మెదులుతాడు.