కత్తెర కుట్టిన కథ

మొన్నీమధ్య అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఆవిడ ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లో సర్దుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

1970ల చివర్లో, నా చిన్నప్పటి మాట. నాయనమ్మకి చక్కెర జబ్బు ముదిరితే డాక్టరుగారు ఇన్సులిన్ సూదులు రాశారు. ఆ మందు పశువుల క్లోమం నుంచి తీస్తారని ఎవరో ఆవిడ చెవిన వేశారు. మడి కట్టుకునే మనిషాయె. "ఇన్నాళ్ళూ నిష్ఠగా బతికి, పోయేముందు నాకీ పాపమెందుకురా" అని నాన్నతో తేల్చి చెప్పేసింది. నాన్న ఎంత బతిమాలినా వినలేదు. రెండేళ్ళు తిరక్కుండానే పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరు పంది ఇన్సులిన్‌ని మనిషి ఇన్సులిన్‌గా మార్చే పనిలో ఉన్నారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. సాఫ్ట్‌వేర్ వాడికి ఈ గొడవెందుకంటారా? చదివితే అచ్చం మన బగ్ ఫిక్సింగ్‌లాగే ఉంది మరి!

ఇన్సులిన్ అంటే 51 అమైనో ఆమ్లాల పూసలు. రెండు దండలు, ఒకదాంట్లో 21, ఇంకోదాంట్లో 30. ఆ వరస మొత్తాన్నీ 1955కల్లా ఫ్రెడరిక్ సాంగర్ విప్పి చూపాడు. మనిషికీ ఆవుకీ మూడు పూసలు తేడా. పందికైతే ఒక్కటే, అదీ రెండో దండలో చిట్టచివరిది. మనకు థ్రియొనిన్ ఉన్నచోట పందికి ఎలనిన్ ఉంటుంది. ఒక్క అక్షరం దిద్దితే చాలన్నమాట. దిద్దడం ఎలా?

దానికి పనికొచ్చింది ట్రిప్సిన్, మన పొట్టలో ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైము. కోసే కత్తెర కుట్టగలదా అనిపిస్తుంది కదూ? ఎంజైము ఏ చర్యనైనా రెండు వైపులా నడిపిస్తుంది కాబట్టి ట్రిప్సిన్‌తో ప్రోటీన్లు కట్టవచ్చేమోనని 1898లోనే వాంట్ హాఫ్ అన్నాడు. 1937లో మాక్స్ బెర్గ్‌మన్, ఫ్రెంకెల్-కొన్రాట్ కలిసి పపైన్‌తో కొత్త బంధాలు కట్టి చూపించారు. హైదరాబాదులో మటన్ మెత్తబడటానికి పచ్చి బొప్పాయి పట్టిస్తారే, అందులో ఉండే ఎంజైమే ఈ పపైన్. బెర్గ్‌మన్ కూడా మనలాగే వలసొచ్చినవాడు. కాకపోతే మనం ఉద్యోగం కోసం వచ్చాం, ఆయన హిట్లర్ రాజ్యంలో ఉద్యోగం పోయి న్యూయార్క్ చేరాడు.

కిటుకంతా నీళ్ళలో ఉంది. ట్రిప్సిన్ చివరి ఎలనిన్‌ని తెంపి, మిగతా దండ కొసని కాసేపు తనే పట్టుకుంటుంది. అప్పుడు నీటి అణువు వచ్చి తగిలితే దండ తెగినట్టే. నీళ్ళు తగ్గించి, వేరే ద్రావకం కలిపి, థ్రియొనిన్‌ని దండిగా పోస్తే? ఆ ఖాళీలో థ్రియొనిన్ వచ్చి అతుక్కుంటుంది. 1979లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రిప్సిన్‌తో ఈ అతుకు వేయగలిగారు. తెంపడం, అతకడం ఒకే దఫాలో జరిగే పద్ధతితో డెన్మార్క్ కంపెనీ నోవో 1982లో మానవ ఇన్సులిన్‌ని మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడు అమెరికాలో బాక్టీరియాతో చేయించిన ఇన్సులిన్‌కీ అనుమతి వచ్చింది. 1987 నుంచి నోవో కూడా ఈస్ట్‌ వైపు మళ్ళింది. పంది అవసరం తీరిపోయింది.

కుట్టుపని మాత్రం ఆగలేదు లెండి. 1999లో స్టెఫిలోకాకస్ బాక్టీరియాలో సార్టేజ్ అనే ఎంజైము బయటపడింది. ప్రోటీను చివర ఐదు పూసల గుర్తు పెడితే, అక్కడ తెంపి మనం ఇచ్చిన మెరిసే రంగుని అతికిస్తుంది. ఆ ప్రోటీను కణంలో ఎటు పోతోందో ఆ మెరుపుని బట్టి కనిపెట్టొచ్చు. 2014లో సింగపూర్ వాళ్ళు ఇంకా చురుకైనదాన్ని పట్టుకున్నారు. ఎందులోననుకున్నారు? మన శంఖుపువ్వు తీగలో! నాయనమ్మ రోజూ పూజకి కోసుకునేది ఆ పూలే.

అమ్మ పెన్నుల్లో ఉన్నది సూక్ష్మజీవులు చేసిన మందు కాబట్టి మా ఇంట్లో ఆ పేచీ లేదు. కానీ 1982 నాటి సీసా పట్టుకుని నాయనమ్మ ముందు కూర్చుంటే ఏమనేవాణ్ణి? "ఇది అచ్చం నీ ఒంట్లో ఊరేదే నాయనమ్మా, ఒక్క అణువు కూడా తేడా లేదు" అని చెప్పేవాణ్ణి. అది నిజమే. "మరి ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అని ఆవిడ అడక్కుండా ఉండదు. దానికీ నిజమే చెప్పాలిగా.

అబద్ధం చెప్పి ఇప్పించడం నాన్నకి చేతకాలేదు. నాకూ చేతనయ్యేది కాదేమో.