ఉప్పు, ఎండ, ఒట్టి తునకలు: కార్న్‌డ్ బీఫ్‌కు నడిగడ్డలో చుట్టం ఎవరు?

ఈ ఎపిసోడ్ బీచుపల్లి నుంచి చేస్తున్నా. వెనకాల కృష్ణ, పైన హైదరాబాద్-బెంగళూరు హైవే బ్రిడ్జి. మధ్యమధ్యలో లారీ హారన్లు వినిపిస్తాయి, కాస్త ఓర్చుకోండి. ఇక్కడ ఆంజనేయస్వామి గుడి ఉంది కదా, మాట్లాడబోయేది మాంసం గురించి కాబట్టి గుడికి బాగా దూరంగానే వచ్చి కూర్చున్నాను. ముందే చెప్పేస్తున్నా.

విషయం ఎక్కడ మొదలైందంటే, బీటెక్‌లో నాతో చదివిన దోస్తు ఒకడు ఇప్పుడు టెక్సస్‌లో ఉంటాడు. మార్చి నెలలో అక్కడి షాపుల్లో ఉప్పునీళ్లలో ఊరిన బీఫ్ ప్యాకెట్లు వరుసగా పెడతారు. 17న సెయింట్ పాట్రిక్స్ డే, ఐరిష్‌వాళ్ల పండగ. వాడు ఒక ప్యాకెట్ తెచ్చి, క్యాబేజీ, ఆలుగడ్డ వేసి స్లో కుక్కర్‌లో పెట్టి ఆఫీస్‌కు పోయాడు. సాయంత్రం వచ్చి తిని నాకు ఫోన్ చేశాడు. "అరే, ఇది మన ఒట్టి తునకల కూరకు చుట్టంలాగా ఉందిరా. కాకపోతే మనది ఎండలో ఎండింది, వీళ్లది నీళ్లలో నానింది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నాకు మూడు వారాల చదువు పడింది.

ముందు పేరు సంగతి. కార్న్‌డ్ బీఫ్ అంటే చాలామంది మక్కజొన్న వేసి వండుతారేమో అనుకుంటారు. అందులో మక్కజొన్న గింజ ఒక్కటి కూడా ఉండదు. పాత ఇంగ్లీషులో 'కార్న్' అంటే ఏ గింజైనా సరే. మాంసానికి పట్టించే రాళ్లుప్పు గింజలు గింజల్లా ఉండేవి కాబట్టి ఆ పేరొచ్చింది. మనం 'కల్లుప్పు' అంటామే, అదే.

ఐరిష్ పండగ కాబట్టి ఐర్లండ్ జనం తరతరాలుగా ఇదే తింటున్నారని అనుకుంటాం. అసలు కథ వేరే. 1663లో, మళ్లీ 1667లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టాలు చేసి, ఐర్లండ్ నుంచి ప్రాణంతో ఉన్న పశువులు తమ దేశంలోకి రాకుండా ఆపేసింది. తమ రైతులకు నష్టమని. మరి ఐర్లండ్‌లో ఉన్న పశువులను ఏం చేయాలి? కోసి, ఉప్పు పట్టించి, పీపాల్లో నింపి, ఓడలెక్కించడం మొదలుపెట్టారు. కార్క్ అనే రేవు పట్నం ఈ వ్యాపారానికి కేంద్రమైంది. ఆ పీపాలు బ్రిటిష్ నౌకాదళానికి పోయాయి, కరీబియన్ దీవుల చెరకు తోటలకు పోయాయి. ఫ్రెంచి రాజు 1685లో బానిసల గురించి ఒక చట్టం రాయించాడు. అందులో, పదేళ్లు, ఆపై వయసున్న బానిసకు వారానికి రెండు పౌండ్ల ఉప్పు గొడ్డుమాంసం గానీ మూడు పౌండ్ల చేపలు గానీ ఇవ్వాలని లెక్క కట్టి మరీ ఉంది. మనిషిని కొనుక్కున్నాక మేతకు లెక్క రాసుకున్నట్టు.

ఆ మాంసం తయారుచేసిన ఐరిష్ పేదోడు మాత్రం దాన్ని తినలేదు. వాడికి ఆవు అంటే పాలు, వెన్న. మాంసం దొరికితే పంది మాంసం. చివరికి ఆలుగడ్డే మిగిలింది. 1845లో ఆలుగడ్డకు తెగులొచ్చి పంట కుళ్లిపోతే, ఏడెనిమిదేళ్లలో సుమారు 10 లక్షల మంది చచ్చిపోయారు, అంతకు మించి దేశం వదిలి వెళ్లారు. ఆ కరువు రోజుల్లో కూడా ఐర్లండ్ రేవుల నుంచి తిండి సామాను ఎగుమతి అవుతూనే ఉంది.

అలా న్యూయార్క్ చేరినవాళ్లకు బీఫ్ మొదటిసారి కొనగలిగే ధరలో కనబడింది. వాళ్ల పక్క వీధుల్లోనే తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదుల మాంసం కొట్లు. యూదులు పంది ముట్టరు. ఛాతీ దగ్గరి గట్టి కండను, అంటే బ్రిస్కెట్‌ను, ఉప్పునీళ్లలో ఊరబెట్టి అమ్మేవాళ్లు. ఊరి పంది మాంసం గుర్తొచ్చే ఐరిష్‌వాళ్లకు అది దగ్గరి రుచి. కూరగాయల్లో చవకది క్యాబేజీ. రెండూ ఒకే గిన్నెలో పడ్డాయి. అంటే ఇది ఐర్లండ్ వంట అనేకంటే, ఐర్లండ్ వదిలినవాళ్ల వంట అనడం కరెక్ట్.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడి జాగ్రఫీ తెలియనివాళ్ల కోసం: ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, రెండింటి నడుమ గద్వాల, అలంపురం. దీన్నే నడిగడ్డ అంటారు. రెండు నదులున్నాయని మురిసిపోకండి, పాలమూరు అంటే వలస కూలీలు, కరువు అనే పేరే చాలాకాలం వినబడింది.

ఒట్టి తునకలు అంటే ఎండబెట్టిన మాంసం ముక్కలు. ఒట్టి చేప అంటాం కదా, అదే ఒట్టి. రాయలసీమ వైపు పోతే ఉప్పుకండ అంటారు. హైదరాబాద్ ముస్లింల ఇళ్లలో సూఖా గోష్. పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే. మాంసాన్ని వేలెడు వెడల్పున పొడవాటి పీలికలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, తాడు మీద వేలాడదీస్తారు. నాలుగైదు ఎండలు తగిలితే కట్టెపుల్లల్లా అవుతాయి. మా అవ్వ తాడు కింద కట్టె పట్టుకుని కూర్చునేది, కాకుల కోసం. మేము పిల్లలం కాకుల కన్నా డేంజర్ అని తిట్టేది, ఎందుకంటే సగం ఎండినవి పీకి నిప్పుల మీద కాల్చుకుని తినేవాళ్లం.

నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఇక్కడే. కార్క్‌లో తడి పద్ధతి ఎందుకు, మన దగ్గర పొడి పద్ధతి ఎందుకు? మాంసం పాడుచేసే సూక్ష్మజీవికి నీళ్లు కావాలి. నీళ్లు దొరక్కుండా చేయాలంటే రెండు దారులు: ఉప్పుతో బయటికి లాగడం, లేదా ఎండతో ఆవిరి చేయడం. కార్క్‌లో ఏడాది పొడుగునా మబ్బు, ముసురు. తాడు మీద వేస్తే మాంసం ఎండే లోపు బూజు పడుతుంది. కానీ రేవు ఉంది, ఓడల్లో ఉప్పు వస్తుంది. కాబట్టి పీపా నిండా ఉప్పు.

మన దగ్గర సరిగ్గా తిరగేసి ఉంది. ఏప్రిల్ ఎండకు ఇక్కడ బండ మీద కాలు పెట్టలేం. సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. రైలు రాకముందు దక్కనులోకి ఉప్పు ఎట్లా వచ్చిందంటే, లంబాడీల ఎద్దుల మందల మీద. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ మందల గురించి రాశాడు. వాళ్లలో నాలుగు తెగలున్నాయని, ఒక్కో తెగ ఒక్కటే సరుకు మోస్తుందని, అందులో ఒకటి ఉప్పని అంటాడు. ఎద్దు వీపు మీద అంత దూరం వచ్చిన ఉప్పును పీపాల కొద్దీ పోయలేం కదా. అందుకే మన పద్ధతిలో ఉప్పు పిడికెడు, పని మొత్తం ఎండది. ఈ లెక్క నా ఊహే, కానీ వాతావరణం, ధర రెండూ కలిపి చూస్తే ఇంకో కారణం నాకు కనబడట్లేదు.

అయితే ఒక్కసారిగా అంత మాంసం ఎవరి ఇంటికి వచ్చేది? జాతరకో పెళ్లికో మేకపోతును కోస్తే మిగిలింది ఎండబెట్టుకోవడం చాలా కులాల్లో ఉంది. కానీ ఒట్టి తునకలు అనగానే ఊళ్లో కొందరు ముక్కు చిట్లించేది మేక మాంసం గురించి కాదు. ఊళ్లో ఎద్దో బర్రో చస్తే దాన్ని ఎత్తుకుపోవడం మాదిగ కుటుంబాల మీద పెట్టిన వెట్టి. ఆ తోలుతోనే చెప్పులు, డప్పు, బావి నుంచి నీళ్లు తోడే మోట తోలు సంచి. అంటే ఊరు మొత్తం పంట తడిసింది ఆ తోలుతోనే. కూలి కింద దక్కేది ఆ మాంసం. పదుల కిలోలు ఒకేరోజు. అప్పుడు ఫ్రిజ్ లేదు, ఐసు లేదు. వండుకున్నంత వండుకుని, పంచుకున్నంత పంచుకుని, మిగిలింది తాడెక్కించారు. వానాకాలం పని దొరకని రోజుల్లో కుండలో చెయ్యి పెడితే దొరికే తిండి అదే.

మోటలో వచ్చిన నీళ్లకు మైల లేదు. మాంసానికి మాత్రం ఉంది.

దీని మీద ఆ సమాజం లోపలే పెద్ద చర్చ నడిచింది. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్, చచ్చిన పశువు మాంసం తినడం మానేయండని గట్టిగా చెప్పారు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ సంబంధం ఏంటో వాదించారు. మన హైదరాబాద్‌లో 1906లో జగన్ మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, హరికథలు చెప్పించి మరీ తాగుడు, జంతుబలి మాన్పించే ప్రచారం చేశారు. ఆ తరం ఆలోచన: వీటిని చూపించే మనల్ని కింద కూర్చోబెడుతున్నారు, కాబట్టి వదిలేద్దాం.

తర్వాతి తరం ఇంకోలా ఆలోచించింది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టారు, పెద్ద గొడవైంది. మరాఠ్వాడా కూడా ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోదే కదా, అక్కడి షాహూ పాటోలే 2015లో మరాఠీలో దళితుల వంటల మీద పుస్తకమే రాశారు. ఎండు మాంసం వంటలు అందులో పద్ధతులతో సహా ఉన్నాయి.

ఈ రెండు తరాలకు పడదని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. అంబేడ్కర్ కోపం వెట్టి మీద, గతిలేక తినాల్సి రావడం మీద. ఇప్పటి పిల్లలు అడిగేది తమ అవ్వ వంటను దాచుకోకుండా తినే హక్కు. నా దోస్తు హాస్టల్‌లో ఒట్టి తునకల డబ్బాను సూట్‌కేసులో బట్టల కింద పెట్టేవాడు. రాత్రి అందరూ పడుకున్నాక తీసేవాడు. అదే మనిషి ఇప్పుడు టెక్సస్ ఆఫీసులో మార్చి 17న కార్న్‌డ్ బీఫ్ డబ్బా క్యాంటీన్ టేబుల్ మీద మూత తీసి పెట్టి తిన్నాడు, పక్కన తెల్లోళ్లు "స్మెల్స్ గుడ్" అన్నారట. వాడు ఇది నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. మన దగ్గర 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, దూడలను కోయడం నేరం. ఎద్దు, బర్రె, దున్న అయితే పనికి, పాలకు, ఈతకు పనికిరాదని సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి ఇక్కడ బజార్లో బీఫ్ అంటే ఎక్కువగా బర్రె మాంసమే.

సరే, స్లో కుక్కర్ దగ్గరికి వద్దాం, ఇంజనీర్‌ని కదా, మెషీన్ గురించి మాట్లాడకపోతే నిద్రపట్టదు. దీన్ని తయారుచేసింది షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీర్. 1940లో పేటెంట్ వచ్చింది. యూదులకు శనివారం పొయ్యి ముట్టించకూడదు. లిథువేనియాలో వాళ్ల అమ్మ చిన్నప్పుడు, శుక్రవారం పొద్దుగూకే ముందు మాంసం, చిక్కుడుగింజలు వేసిన కుండను ఊరి బేకరీకి తీసుకుపోయేదట. చల్లారుతున్న ఆ పెద్ద పొయ్యిలో రాత్రంతా ఉడికేది. అమ్మ చెప్పిన ఆ కథ నుంచి నాక్సన్‌కు ఐడియా వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారం కొని, తర్వాతి ఏడాది క్రాక్-పాట్ పేరుతో మార్కెట్‌లోకి దింపింది. చూడండి, ఐరిష్ పండగ కూరలో మాంసమూ యూదుల కొట్టుదే, కుక్కరూ యూదుల ఇంటిదే.

మనకు ఈ ఐడియా కొత్తేం కాదు. పిడకల మంట మీద పాలకుండ రోజంతా ఉంటుంది, హైదరాబాద్ హలీమ్ భట్టీ మీద గంటల కొద్దీ ఉడుకుతుంది. సూత్రం ఒకటే. గట్టి కండలో కొల్లాజెన్ అనే పదార్థం ఉంటుంది. పెద్ద మంట పెడితే కండ బిగుసుకుంటుంది. నీళ్లు మరగకుండా సన్నగా గంటల కొద్దీ ఉంచితే కొల్లాజెన్ కరిగి జిగురవుతుంది, ముక్క నోట్లో విడిపోతుంది.

ఇక వండే పద్ధతి. కార్న్‌డ్ బీఫ్ ప్యాకెట్ దొరికే దేశంలో ఉన్నవాళ్లు ముక్కను బాగా కడగండి, లేదంటే ఉప్పు భరించలేరు. అడుగున ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యారెట్, పైన మాంసం, మునిగీ మునగనట్టు నీళ్లు. లో మీద ఎనిమిది నుంచి పది గంటలు. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను అట్లే వేయొద్దు, వేడెక్కే లోపే పాడవుతుంది. క్యాబేజీ చివరి గంటన్నరలోనే. పొద్దున్నే వేస్తే సాయంత్రానికి అది పీచు, వాసన తప్ప ఏమీ మిగలదు. కోసేటప్పుడు పీచుకు అడ్డంగా కోయండి.

ఒట్టి తునకలైతే అరగంట వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు కడిగి, ఇంచు ముక్కలు చేయండి. నూనెలో ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, కారం విడిగా వేయించి కుక్కర్‌లో వేసి, ముక్కలు, కాసిని నీళ్లు పోసి లో మీద ఆరేడు గంటలు. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూశాకే, ఎందుకంటే ముక్కలో అప్పటికే ఉంది. క్యాబేజీ జాగాలో మనకు గోంగూర. అది కూడా చివరి అరగంటే. మా అవ్వ అయితే గోంగూర బదులు దోసకాయ వేసేది, గింజలు తీయకుండా. పక్కన జొన్నరొట్టె. వేడిది కాదు, పొద్దున చేసిన గట్టిది, పులుసులో ముంచుకోవడానికి.