ఐదేళ్లు బడులు మూసిన కౌంటీ

అమెరికాలో వర్జీనియా అంటే మనవాళ్లకు ఇప్పుడు కొత్త చోటు కాదు. అక్కడి ఉద్యోగాల గురించీ, అక్కడి మంచి బడుల గురించీ తెలుగిళ్లలో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆ రాష్ట్రంలోనే ఫార్మ్‌విల్ అని ఒక చిన్న ఊరుంది. మన జిల్లా లాంటి ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. నల్లపిల్లల పక్కన తెల్లపిల్లలు కూర్చోవలసి వస్తుందని ఆ కౌంటీ పెద్దలు 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలు వేశారు. 1964 దాకా మళ్లీ తెరవలేదు.

ఇదంతా నల్లపిల్లలకు వేరుగా నడిపిన ఒక హైస్కూలు దగ్గర మొదలైంది. పేరు రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూలు. మోటన్ ఆ కౌంటీలోనే పెరిగి, బుకర్ టి. వాషింగ్టన్ తరవాత టస్కిగీ విద్యాసంస్థను నడిపిన నల్లజాతి విద్యావేత్త. 1939లో 180 మంది కోసం కట్టిన భవనంలో 1951 నాటికి 450 మందికి పైగా చదువుతున్నారు. గదులు చాలవని అడిగితే కౌంటీ ఆవరణలో చెక్క షెడ్లు వేసి తారుకాగితం కప్పించింది. వానొస్తే లోపలికి కారేది. చలికాలంలో గదికో పొయ్యి. దాని పక్కన కూర్చున్నవాడికి ముచ్చెమటలు పట్టేవి, మూలన కూర్చున్నవాడు కోటు విప్పలేకపోయేవాడు. ప్రయోగశాల లేదు, భోజనశాల లేదు, వ్యాయామశాల లేదు. ఊళ్లోని తెల్లపిల్లల హైస్కూలుకు వీటిలో ఏ లోటూ లేదు. తల్లిదండ్రులు స్కూలు బోర్డు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారు.

ఆ బడిలో చదువుతున్న బార్బరా జాన్స్ అప్పటికి పదహారేళ్ల పిల్ల. 1951 ఏప్రిల్ 23న ప్రిన్సిపాల్‌కు ఒక ఫోన్ వచ్చింది. బస్టాండులో మీ పిల్లలు గొడవలో ఇరుక్కున్నారు, వెంటనే రండి అని. ఆయన పరుగెత్తారు. ఆయన అటు వెళ్లగానే, అందరూ హాలుకు రావాలంటూ ఆయన పేరుతో రాసిన చీటీలు తరగతులన్నిటికీ చేరాయి. తెర తీసేసరికి వేదిక మీద బార్బరా! టీచర్లను బయటికి వెళ్లమని కోరి, బడి దుస్థితి గురించి మాట్లాడి, సమ్మెకు పిలుపిచ్చింది. పిల్లలంతా ఆమె వెనకే నడిచారు. పెద్దవాళ్లలో దాదాపు ఎవరికీ పొక్కకుండా పిల్లలు ఇంత పని నడిపించారంటే ఎప్పుడు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

వాళ్లు అడిగింది మంచి భవనం, అంతే. రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్ నుంచి వచ్చిన న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం, నల్లవాళ్లకు వేరే బడి అన్న పద్ధతినే సవాలు చేస్తామంటేనే కేసు వేస్తామన్నారు. పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్ అండగా నిలబడ్డారు. మే నెలలో కేసు పడింది. బెదిరింపులు రావడంతో బార్బరాను అలబామాలో ఉన్న తండ్రి సోదరుడి ఇంటికి పంపేశారు. దేశమంతటా బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పులో కలిసిన ఐదు కేసుల్లో ఈ పిల్లల కేసు ఒకటి. ఈలోగా, 1953లోనే, కౌంటీ వాళ్లకు కొత్త హైస్కూలు కట్టించింది. అడిగిన భవనం వచ్చింది. ఆ భవనానికే తరవాత తాళం పడింది.

తీర్పు వచ్చినా రాష్ట్ర నాయకత్వం ససేమిరా అంది. 1958లో నార్ఫోక్ వంటి చోట్ల కూడా బడులు మూసినా, కోర్టులు మొట్టికాయలు వేశాక నెలల్లోనే తెరిచారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ పెద్దలు వేరే దారి పట్టారు. కోర్టు కలపమన్నది ప్రభుత్వ బడుల్ని కాబట్టి అసలు ప్రభుత్వ బడే లేకుండా చేశారు. 1959 జూన్‌లో బడులకు నిధులివ్వబోమని తేల్చేశారు. తెల్లపిల్లల కోసం ప్రైవేటు అకాడమీ పెట్టి, చర్చిల్లో, దొరికిన హాళ్లలో తరగతులు నడిపారు. కొంతకాలం వాళ్ల ఫీజులకు ప్రజాధనమే వెళ్లింది.

దాదాపు 1,700 మంది నల్లపిల్లలు వీధిన పడ్డారు. హైస్కూలు చివరి తరగతుల వాళ్లలో కొందరిని నార్త్ కరోలినాలోని కిట్రెల్ కాలేజీ చేర్చుకుంది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు కొందరిని వేరే రాష్ట్రాల్లో తెలియనివాళ్ల ఇళ్లలో ఉంచి చదివించారు. కొన్ని కుటుంబాలు పక్క కౌంటీలకు వెళ్లిపోయాయి. చర్చి నేలమాళిగల్లో అక్షరాలు దిద్దించినవాళ్లూ ఉన్నారు. ఏ ఆసరా లేనివాళ్లు పొగాకు పొలాలకు వెళ్లారు. 1959లో ఆరేళ్లున్న పిల్లకు బడి తెరిచేనాటికి పదకొండేళ్లు. అక్షరం దిద్దాల్సిన వయసంతా అలా పోయింది. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఈ లెక్కే.

1963లో కెన్నెడీ ప్రభుత్వం చొరవతో, విరాళాలతో ఒక ఏడాది ఉచిత బడులు నడిచాయి. 1964 మే 25న సుప్రీంకోర్టు, బడులు మూయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ సెప్టెంబరులో తలుపులు తెరుచుకున్నాయి. తెల్లవాళ్లు చాలామంది అకాడమీని వదల్లేదు.

సమ్మె జరిగిన పాత భవనం ఇప్పుడు మోటన్ మ్యూజియం. 2003లో కౌంటీ, ఆనాడు చదువు పోగొట్టుకున్నవాళ్లకు గౌరవ డిప్లొమాలిచ్చింది. మరుసటి ఏడు రాష్ట్రం వాళ్ల కోసం స్కాలర్‌షిప్పులు మొదలుపెట్టింది. యాభై దాటిన వయసులో కొందరు వాటికి దరఖాస్తు పెట్టి, ఆగిపోయిన తరగతి నుంచి చదువు మొదలుపెట్టారు.