నిరీక్షణకు లెక్క: రైల్వే పనివేళల చట్టాలలో ‘సవిరామ’ ఉద్యోగం (1930–2005)

సరకు రవాణాలో షిఫ్టు పని చరిత్రను సాధారణంగా పనిగంటలు తగ్గుతూ వచ్చిన చరిత్రగా చెబుతారు. రైల్వేల విషయంలో ఆ కథనం చాలదు. ఎన్ని గంటలన్నది నిర్ణయించే ముందు, ఏ గంటను పనిగా లెక్కించాలో చట్టం తేల్చుకోవలసి వచ్చింది. గూడ్సు బండి కోసం ఎదురుచూసే స్టేషన్ మాస్టరు, గేటు దగ్గర కాచుకున్న గేట్‌మన్ ఆ సమయంలో పనిలో ఉన్నట్టా, విశ్రాంతిలో ఉన్నట్టా?

1919 నాటి వాషింగ్టన్ అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక రోజుకు 8, వారానికి 48 గంటల పనిని ప్రమాణంగా నిర్దేశించింది. భారతదేశానికి మాత్రం వారానికి 60 గంటల వరకు సడలింపు ఇచ్చింది. ఆ నేపథ్యంలో 1930లో రైల్వే చట్టాన్ని సవరించి, నిరంతర ఉద్యోగులకు 60 గంటలు, సవిరామ ఉద్యోగులకు 84 గంటలు వారపు పరిమితిగా పెట్టారు. 84 గంటలంటే ఏడు రోజులూ పన్నెండేసి గంటలు. దీన్ని పరిమితి అనడం కన్నా, అప్పటికే నడుస్తున్న పద్ధతికి వేసిన ముద్ర అనడం సబబు. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు తీవ్రశ్రమ అనే మరో తరగతిని చేర్చి, మూడింటికీ వరుసగా 45, 54, 75 గంటలు ఖరారు చేసింది.

షిఫ్టుల చక్రం ఈ వర్గీకరణ మీదే తిరుగుతుంది. నిరంతర తరగతి స్టేషనులో ముగ్గురు ఎనిమిదేసి గంటల వంతున పగలు, సాయంత్రం, రాత్రి మారుతూ ఉంటారు. సవిరామ తరగతి అయితే ఇద్దరు చాలు. పగలు ఒకరికి, రాత్రి ఒకరికి పన్నెండు గంటలు. కనుక విరామానికి ఇచ్చిన నిర్వచనమే ఒక మనిషిని మిగిల్చుకొనే సాధనమైంది.

కార్మికుల తెలుగులో ఈ విభజన కనిపించదు. వారు డ్యూటీ ‘ఎక్కుతారు’, డ్యూటీ ‘దిగుతారు’; ఆ రెండు క్రియల నడుమ ఉన్నదంతా డ్యూటీయే. కొత్తవలస–కిరండూల్ మార్గాన్నే చూడండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో దాన్ని ఒంటి లైనుగా నిర్మించారు. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వాలంటే ఒక బండి స్టేషనులో ఆగక తప్పదు. ఆ నిరీక్షణ సిబ్బంది సోమరితనం వల్ల వచ్చింది కాదు, మార్గం కట్టుబడిలోనే ఉంది. 1973 ఆగస్టులో సమ్మె చేసిన లోకో సిబ్బంది, డ్యూటీ ఎక్కినప్పటినుంచి దిగేవరకు 10 గంటలు మించరాదన్న హామీని ప్రభుత్వం నుంచి పొందారు. గంటల సంఖ్య కన్నా, లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది స్థిరపడటమే ఇందులో అసలు విజయమని నా అభిప్రాయం. 8 గంటల పనిదినం కూడా ఒక కోరికగా 1974 మే 8న మొదలైన దేశవ్యాప్త సమ్మెను అణచివేత నడుమ ఆ నెలాఖరులోనే విరమించవలసి వచ్చింది.

1989 రైల్వే చట్టం 45, 54, 75 అంకెలను అలాగే నిలుపుకొంది. సవిరామ ఉద్యోగానికి అది ఇచ్చిన నిర్వచనం ఆసక్తికరం. 72 గంటల సగటు మీద, 12 గంటల డ్యూటీలో సగం లేదా అంతకుమించి సమయం శారీరక చలనంగానీ ఎడతెగని ఏకాగ్రతగానీ అవసరం లేకుండా గడవాలి. అందులో గంటకు తగ్గని విరామం ఒకటి, లేదా అరగంటకు తగ్గనివి రెండు ఉండాలి. ఇది రాకపోకల సాంద్రతను కొలిచే సూత్రం. రాత్రి రెండు గంటలకు ఫోను మోగుతుందేమోనని మెలకువగా ఉండటం ఈ కొలతకు అందదు. బళ్లు పెరిగితే అదే కుర్చీ, అదే మనిషి మరో తరగతిలోకి మారవచ్చు.

2005 నాటి నియమాలు ఇంకో కొలతను వాడాయి. సవిరామ ఉద్యోగులకు 48 గంటల ప్రామాణిక డ్యూటీ మీద మామూలుగా మరో 12 గంటలు అదనం. చిన్న స్టేషన్లలో పనిచేస్తూ, పనిచోటికి అర కిలోమీటరు లోపు క్వార్టరు పొందినవారికి ఆ అదనం 24 గంటలు.