నేలబారు తీగ సాధించిన విజయము

1912లో అమెరికా ప్రభుత్వము ఔత్సాహికులకు 200 మీటర్లు మించని రేడియో తరంగములనే విడిచిపెట్టెను. అవి దూరప్రసారమునకు పనికిరావని నాటి నిపుణుల తలంపు.

దీనిని పరీక్షింపుమని ఔత్సాహికుల సంఘము 1921లో పాల్ గాడ్లీని స్కాట్లండునకు పంపెను. ఆయన ఆర్డ్రోసన్ తీరమున గుడారము వేసి, పండ్రెండడుగుల కొయ్యలపై 1,300 అడుగుల తీగను అమెరికా దిక్కుగా కట్టెను. ఆకాశమునంటు స్తంభములు లేవు.

ఇదియే బెవరేజి ఏరియల్. దాని అమెరికా వైపు కొనను నిరోధకము ద్వారా భూమికి కలుపుదురు. ఆ వైపునుండి వచ్చు తరంగము తీగ వెంబడి బలపడి రిసీవరును చేరును. ఎదుటి దిక్కుది నిరోధకములో లయించును.

డిసెంబరు రాత్రులలో కనెక్టికట్ ఔత్సాహికుల సందేశము స్పష్టముగా వినవచ్చెను. పనికిరావన్న తరంగములు అట్లాంటిక్‌ను దాటినవి. 1923లో ఇరువైపుల సంభాషణయు సాధ్యమయ్యెను. విద్యార్థులారా, ఏరియల్‌కు ఎత్తొక్కటే కాదు, పొడవును దిక్కును కూడ ముఖ్యములే.