పది రూపాయల లైసెన్సు నుంచి నెలసరి చందా వరకు

ఇంటి ఖర్చుల పద్దులో బియ్యం, పప్పు, పాలు, పిల్లల జీతాలు తాతలనాటి నుంచీ ఉన్నవే. వినోదానికి మాత్రం ఆ పద్దులో చాలాకాలం స్థిరమైన చోటు లేదు. హరికథకు గాని, తోలుబొమ్మలాటకు గాని ఊరివారు తలా కొంత వేసుకొనేవారు. నాటకానికీ, తరువాత సినిమాకూ టిక్కెట్టు కొనేవారు. ఏనాటి ఖర్చు ఆనాటితో సరి. వినోదం తానే ఇంట్లోకి వచ్చి కూర్చుండి, ఏడాదికి ఇంత అని అడగడం మన దేశంలో 1927వ సంవత్సరంతో మొదలయినది.

ఈనాడు ఆ పద్దు చాలా పొడుగయినది. కేబులు, డిష్షు, ఫోను రీఛార్జి, ఇవి చాలవన్నట్లు అంతర్జాలం మీదుగా సినిమాలనూ ధారావాహికలనూ పంపే ఓటీటీ సంస్థల చందాలు. ఒకదానిలో కొత్త సినిమా ఉంటుంది. మరొకదానిలో క్రికెట్టు ఉంటుంది. ఇంకొకదానిలో తెలుగు కథలు ఉంటాయి. అన్నింటికీ కట్టడం సామాన్య సంసారికి సాధ్యం కాదు. ఏది చౌక, దేనికి చందా కట్టాలి అని ఇంటింటా తర్జనభర్జన జరుగుతున్నది. ఈ తర్జనభర్జనకు సుమారు నూరేండ్ల చరిత్ర కలదు. దానిని ఒకసారి తిరగవేసి చూస్తే మన ప్రశ్నకు కొంత సమాధానం దొరకగలదని మా నమ్మకం.

1927 జూలై 23వ తేదీన బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ తన ప్రసార కేంద్రాన్ని ప్రారంభించినది. మరుసటి నెలలో కలకత్తాలో రెండవ కేంద్రం వెలసినది. రేడియో ఉన్న ప్రతి ఇంటివారూ ఏడాదికి పది రూపాయల లైసెన్సు కట్టవలెను. అందులో నూటికి ఎనభై పాళ్ళు కంపెనీకి చెందుతుంది. లెక్క కాగితం మీద బాగానే ఉన్నది. కాని రేడియో పెట్టె ఖరీదు సామాన్యులకు అందనిది. పెట్టె కొన్నవారిలో కూడా లైసెన్సు ఎగవేసినవారు కొందరున్నారు. మూడేళ్ళకు దేశం మొత్తం మీద లైసెన్సులు ఎనిమిది వేలయినా కాలేదు. 1930లో కంపెనీ మూతపడినది. ప్రసారాలను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకొన్నది. పది రూపాయలు చౌకయే. దానికి ముందు కొనవలసిన పెట్టెయే చౌక కాదు. ఈ మొదటి పాఠాన్ని మనం మరువరాదు.

తరువాత ఆకాశవాణి పెరిగినది. 1938లో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెలుగువారికి అందుబాటులోకి వచ్చినవి. 1960 ప్రాంతాల రేడియో లైసెన్సు ఏడాదికి 15 రూపాయలు. తపాలా కార్యాలయానికి వెళ్ళి కట్టి రావలెను. అయితే ఆ లైసెన్సు పెట్టెకు గాని, వినే చెవులకు గాదు. ఇంట్లో పదిమంది ఉంటే పదిమందీ వినవచ్చును. అరుగు మీద కూర్చున్న ఇరుగుపొరుగువారూ వినవచ్చును. పంచాయతీ రేడియో ముందు ఊరంతా చేరవచ్చును. పదిహేను రూపాయలను అందరికీ పంచి చూస్తే తలకు పడేది కొద్ది అణాలే.

ఆ కాలంలో శ్రోతకు ఎన్నిక కూడా లేకపోలేదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించినపుడు శ్రోతలు ఎవరితోనూ వాదించలేదు. మరను కొంచెం తిప్పి రేడియో సిలోను పట్టుకొన్నారు. అందుకు అదనంగా ఒక పైసా అయినా కట్టలేదు. అయిదేళ్ళు గడిచిన తరువాత, 1957 అక్టోబరు 3న, వివిధభారతి పుట్టినది. శ్రోత మర తిప్పగలిగినాడు గనుకనే ప్రసారకుల మనసు మారినది. సులభంగా వదలి వెళ్ళగలగడం కూడా వాడుకరికి ఒక బలమే.

టెలివిజన్ వచ్చిన తీరు కూడా ఇట్టిదే. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయిన ప్రసారాలు మనదాకా రావడానికి చాలాకాలం పట్టినది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు కార్యక్రమాలను పంపిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నవి. అక్కడ పెట్టె ఒకటి, చూసేది ఊరు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమయినది. టీవీకి ఏడాదికి 50 రూపాయల లైసెన్సు ఉండేది. వాడకు ఒక టీవీ ఉన్న ఆ రోజులలో ఆదివారం సినిమాకు చాపలు పరచుకొని కూర్చున్నవారు మనలో ఎందరో ఉన్నారు. 1980ల మధ్యలో రేడియో, టీవీ లైసెన్సులు రెండూ రద్దయినవి. అంతటితో వినోదం ఉచితమయినదని జనులు సంతోషించారు. నిజానికి వెల పోలేదు. ప్రకటనల ద్వారా అది సబ్బుబిళ్ళ ధరలోనూ, పళ్ళపొడి ధరలోనూ కలిసిపోయినది.

1991 తరువాత వీధివీధికీ కేబులు తీగలు సాగినవి. 1995లో జెమినీ, ఈటీవీ వంటి తెలుగు వాహినులు మొదలయినవి. అప్పటి నుంచి ఖర్చు ఏడాది లెక్క పోయి నెల లెక్కకు మారినది. నెల మొదటివారంలో కేబులువారు గుమ్మం ముందుకు వచ్చేవారు. అక్కరలేని వాహినులు ఎన్ని ఉన్నా అన్నింటికీ కలిపి ఒకే మొత్తం చెల్లించవలసి ఉండేది. 2004 డిసెంబరులో దూరదర్శన్ నెలసరి చందా లేని డిష్షు సేవను 33 వాహినులతో ఆరంభించినది. పరికరాన్ని ఒకసారి కొంటే చాలును. పల్లెటూళ్ళలో ఎందరికో అది ఆధారమయినది.

2019 ఫిబ్రవరి నుంచి మరొక మార్పు వచ్చినది. ఏ వాహిని వెల ఎంతో విడివిడిగా ప్రకటించవలెననీ, కావలసినవాటినే వాడుకరి ఎన్నుకోవచ్చుననీ టెలికాం నియంత్రణ సంస్థ నియమం పెట్టినది. మొదటి నూరు వాహినులకు 130 రూపాయలు, పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. రుసుము వాహినుల వెల దీనికి అదనం. ఎన్నుకొనే హక్కు రావడం మంచిదే. అయితే పెద్ద జాబితా ముందు పెట్టుకొని కూర్చున్న గృహస్థు చివరకు విసిగి, ఎవరో కట్టి ఇచ్చిన మూటనే తీసుకొన్న సందర్భాలు అనేకం. అక్కరలు ఏవో ముందుగా తేల్చుకోనివానికి ఎన్నిక వల్ల పెద్దగా పొదుపు చేకూరదు.

ఇక ఓటీటీల సంగతి. 2015 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, 2016 జనవరి 6న నెట్‌ఫ్లిక్స్, అదే ఏడాది డిసెంబరులో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో ప్రవేశించినవి. వీటి విస్తరణకు దారి వేసినది చౌక డేటా. నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2014లో ఒక జీబీకి సగటున 269 రూపాయలు పడగా, 2018 నాటికి అది పన్నెండు రూపాయలకు లోపుగా దిగినది. 1927లో రేడియో పెట్టె ఖరీదు అడ్డుపడినట్లు ఇక్కడ డేటా ఖరీదు అడ్డుపడలేదు. కనుకనే మూడేళ్ళలో రేడియో కంపెనీ చేయలేని పని వీరు చేయగలిగారు.

తెలుగువారికి ప్రత్యేకంగా 2020 ఉగాదినాడు ఆహా అనే సంస్థ పూర్తిస్థాయిలో ఆరంభమయినది. తొలినాటి ఏడాది చందా 365 రూపాయలు, అనగా రోజుకు ఒక రూపాయి. అప్పటికి కరోనా కారణంగా సినిమాహాళ్ళు మూతపడి ఉన్నవి. ఇల్లు కదలని జనానికి ఆ రూపాయి భారం కాలేదు.

ఈ చరిత్రలో 2021 డిసెంబరు 14వ తేదీ గుర్తుంచుకోదగినది. ఆనాడు నెట్‌ఫ్లిక్స్ తన ధరలు తగ్గించినది. ఫోనులో మాత్రమే చూసే చందా నెలకు 199 నుంచి 149కి, టీవీలో కూడా చూడగల ప్రాథమిక చందా 499 నుంచి 199కి దిగినవి. సరిగ్గా అదే రోజున అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1499కి పెరిగినది. ఎక్కువ ధరతో వచ్చినవారు జనం కోసం మెట్టు దిగారు. తక్కువ ధరతో వచ్చినవారు జనం అలవాటుపడిన తరువాత మెట్టు ఎక్కారు. 2016లో ప్రైమ్ తొలి చందా 499 రూపాయలు. అయిదేళ్ళలో అది మూడింతలయినది. ప్రారంభపు ధర కొత్తల్లుడికి జరిగే మర్యాద వంటిది. అది ఏడాది పొడుగునా సాగదు.

మరొక ఉదాహరణ చెప్పుకొందాము. 2023లో జియోసినిమా ఐ.పి.ఎల్. పోటీలను ఉచితంగా చూపినది. 2024 ఏప్రిలులో నెలకు 29 రూపాయల చందాను ప్రకటించినది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయినవి. ఆ కలయిక నాటి కనిష్ఠ చందా, ఒక ఫోనుకు మాత్రమే, మూడు నెలలకు 149 రూపాయలు. అనగా నెలకు 29 ఉన్నచోట సుమారు 50 అయినది. ఇద్దరు వర్తకులు ఒకరయినపుడు బేరం చేసే బలం కొనేవానికి తగ్గుతుంది. రేడియో సిలోను వలె మర తిప్పుకొనడానికి మరొక చోటు ఉండటం ఎంత మేలో ఇక్కడ తెలుస్తున్నది.

ఇంతకూ ఏది చౌక? ఈ నూరేండ్ల చరిత్ర మనకు నేర్పే లెక్క ఒకటి ఉన్నది. ధరను చూడటంతో సరిపెట్టుకోరాదు. ఆ ధరకు ఎందరు చూడగలరో చూడవలెను. తాత, నాయనమ్మ, దంపతులు, ఒక పిల్లవాడు ఉన్న ఇంటిని తలచుకోండి. 2021 నాటి ధరల ప్రకారమే లెక్క వేద్దాము. 149 రూపాయలకు ఫోను చందా తీసుకొంటే ఒక్కరే, చిన్న తెర మీద, చెవిలో తీగ పెట్టుకొని చూస్తారు. మరొక యాభై రూపాయలు వేసి టీవీ చందా తీసుకొంటే అయిదుగురూ చూస్తారు. తలకు పడేది నలభై రూపాయలు. మొదటిది చౌకగా కనపడుతుంది, రెండవదే చౌక. పైగా మొదటిదానిలో నాయనమ్మ లేదు. ఆమెకు ఫోను వాడటం రాదు. వచ్చినా అక్షరాలు ఆనవు. పదిహేను రూపాయల రేడియో ఆమెను ఏనాడూ పక్కకు నెట్టలేదు. అతి చౌక చందాలు కొన్ని ఒక్క ఫోనుకే పరిమితమయినందువల్ల ఇంటి ఉమ్మడి వినోదం ముక్కలు ముక్కలవుతున్నది. ఆ నష్టం ఏ రసీదులోనూ కనపడదు.

కాబట్టి చందా కట్టే ముందు మూడు సంగతులు విచారించుకోవడం మంచిది. మొదటిది, ఇంట్లోవారు గడచిన నెలలో నిజంగా చూసినవి ఏమిటి, ఎన్ని గంటలు అన్నది. కాగితం మీద వ్రాసుకొంటే అక్కరలేని చందా తానే బయటపడుతుంది. రెండవది, చందాతోపాటు డేటా ఖర్చు. స్పష్టమైన బొమ్మకు గంటకు ఒక జీబీ నుంచి మూడు జీబీల వరకు పడుతుంది. 2024 జూలైలో పెద్ద ఫోను సంస్థలు రీఛార్జి ధరలు పెంచిన తరువాత ఈ లెక్క తప్పనిసరి అయినది. కొన్ని రీఛార్జిలతో ఓటీటీ చందా కలిసే వస్తుంది. అది తెలియక విడిగా మళ్ళీ కట్టేవారున్నారు. మూడవది, మానుకొనే వీలు. నెలసరి చందా ఏడాది చందా కంటె లెక్కకు కొంచెం ఎక్కువగా కనపడవచ్చును. కాని క్రికెట్టు ఉన్న రెండు నెలలు ఒకటి, పండుగ సెలవులలో ఒకటి కట్టుకొని, మిగిలిన కాలంలో మానుకొంటే ఏడాది మొత్తం తగ్గుతుంది. తానంతట తానే తిరిగి కట్టుబడే ఏర్పాటును మాత్రం తీసివేయడం మరువరాదు.

చందా లేని దారులు కూడా మనకు మిగిలే ఉన్నవి. దూరదర్శన్ ఉచిత డిష్షు ఉన్నది. 2024 నవంబరులో ప్రసారభారతి వేవ్స్ అనే ఓటీటీని ఆరంభించినది. వీటిని పునాదిగా పెట్టుకొని, పైన ఒక్క చందాను ఇంటిల్లిపాదీ కలిసి ఎన్నుకోవడం ఉచితమని మాకు తోస్తున్నది.

ఆ ఎన్నిక జరిగే వేళ నాయనమ్మను కూడా పిలిచి, ఆమె ఏమి చూడగోరుతున్నదో ఒక మాట అడగండి.