బుల్లి కంప్యూటరుకి ఫ్యాను ఎందుకొచ్చింది?

మొన్న వేసవిలో విజయవాడ నుంచి నాన్నగారి ఫోను. "ఒరేయ్, నువ్వు పెట్టి వెళ్ళిన ఆ బుల్లి డబ్బా రాత్రీ పగలూ గుయ్యిమంటూనే ఉంది. నిద్ర పట్టక రాత్రుళ్ళు ప్లగ్గు పీకేస్తున్నాను" అన్నారు. నా గుండె జారిపోయింది. అమ్మ ఉన్నప్పటి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి మరి! నడుస్తున్న కంప్యూటరుకి అలా కరెంటు తీసేస్తే మెమరీ కార్డు పాడవచ్చు.

అది రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డు. అలాంటిదే ఇక్కడ మా ఇంట్లోనూ ఉంది, దాని చప్పుడే వినబడదు. అదే బోర్డు, అవే సెట్టింగులు. తేడా ఎక్కడుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదటి రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికొచ్చింది 2012 ఫిబ్రవరి 29న. కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ బృందం పిల్లలకి ప్రోగ్రామింగు అలవాటు చెయ్యడానికని తయారుచేసిన 35 డాలర్ల బోర్డు. వేగం 700 మెగాహెర్ట్జ్. ఫ్యానూ లేదు, హీట్‌సింకూ లేదు.

తర్వాత వేగం మీద మోజు పెరిగింది. 2016లో పై 3 నాలుగు కోర్లతో 1.2 గిగాహెర్ట్జ్‌కి చేరింది. 2018లో వచ్చిన 3బి ప్లస్ చిప్పుకి లోహపు టోపీ పెట్టారు. అయినా 60 డిగ్రీలు దాటితే అది 1.4 నుంచి 1.2కి తగ్గిపోయేది. 2019లో పై 4 వచ్చాక వేడి గురించి అందరూ గోల పెట్టారు. ఫర్మ్‌వేర్ మార్చి కొంత చల్లబరిచారు, 2020లో డబ్బాకి తగిలించే చిన్న ఫ్యాను కూడా అమ్మకానికి పెట్టారు. అదే ఏడు కీబోర్డులోనే కంప్యూటరు ఇమిడిన పై 400 వచ్చింది. దాంట్లో ఫ్యాను లేదు, పెద్ద లోహపు రేకుతోనే సరిపెట్టారు.

2023లో వచ్చిన పై 5 వేగం 2.4 గిగాహెర్ట్జ్. ఫ్యానుకి బోర్డు మీదే నాలుగు పిన్నుల సాకెట్ ఇచ్చారు. మామూలుగా చిప్పు 50 డిగ్రీలకి చేరితే ఫ్యాను మెల్లగా మొదలై, 60, 67.5 దగ్గర వేగం పెంచుకుని, 75కి పూర్తి వేగం అందుకుంటుంది. మళ్ళీ ఆగాలంటే చిప్పు 45కి దిగాలి.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఫ్యాను ఎంత తిరిగినా చిప్పుని గదిలో గాలి కంటే చల్లగా చెయ్యలేదు. కేంబ్రిడ్జి గదిలో 45కి దిగడం తేలికే. బెజవాడ ఎండల్లో గదే 40 దాటితే ఎక్కడికి దిగుతుంది పాపం? అందుకే ఆగకుండా తిరుగుతోంది.

చిప్పుకి నిజమైన ఇబ్బంది 80 దగ్గర. అప్పుడు కూడా కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. అంచేత ఇక్కణ్ణుంచే లాగినై, కాన్ఫిగ్ ఫైల్లో మొదటి మూడు మెట్లనీ 65, 70, 73కి జరిపాను, 75 జోలికి పోలేదు. ఆ ఫైల్లో డిగ్రీలో వెయ్యో వంతుల లెక్క కాబట్టి 65 అంటే 65000 అని రాయాలి. ఒకసారి రీబూట్ చేశాను.

మర్నాడు నాన్నగారిని అడిగితే, "మధ్యాహ్నం కాసేపు తిరిగిందిరా, రాత్రి చప్పుడు లేదు" అన్నారు. ప్లగ్గు పీకలేదట. నాకంతే చాలు.